గ్రీన్‌లాండు: తప్పిపోయిన సహోదరుల కోసం వెళ్ళిన ఓడ

తరంగంబాడి పేరు వినని పెద్దలు మన సంఘములలో అరుదు. 1706 జూలైలో జీగెన్‌బల్గ్, ప్లూచౌ అనే ఇద్దరు యౌవన బోధకులు ఓడ దిగి, బడిపిల్లల ప్రక్కన కూర్చుని ఇసుకలో అరవ అక్షరాలు దిద్దుకున్న ఊరు అది. వారిని పంపినది డెన్మార్కు రాజైన 4వ ఫ్రెడరిక్. ఆ రాజే 15 ఏండ్ల తరువాత, 1721లో, నార్వే దేశపు పాదిరి ఒకరిని భార్యాబిడ్డలతో సహా ఉత్తర ధ్రువము వైపున్న మంచు దీవికి సాగనంపాడన్న సంగతి మాత్రం మన పుస్తకాలలో అంతగా కనబడదు. 1714లో కోపెన్‌హాగన్ పట్టణములో ఏర్పడిన ఒకే మిషన్ కార్యాలయము ఈ రెండు పనులనూ చూసుకొనేది. ఎండ దేశపు ఉత్తరాలూ, మంచు దేశపు ఉత్తరాలూ ఒకే బల్ల మీదకు చేరేవన్నమాట.

తెలుగువారికి ఇందులో ఇంకొక చుట్టరికము కూడా ఉన్నది. ఆ తరంగంబాడి మిషనుకే 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1726లో మద్రాసు చేరి, మనవారి మధ్య తెలుగు నేర్చి, దేవుని వాక్యమును తెలుగులోనికి తర్జుమా చేశాడు. ఆ తర్జుమా అచ్చుకు నోచుకోలేదు. ఆయన వ్రాసిన చిన్న తెలుగు పుస్తకాలు కొన్ని మాత్రం 1746, 1747 సంవత్సరములలో జర్మనీలోని హాలే పట్టణములో అచ్చయ్యాయి. దానికి రెండు మూడేండ్ల ముందే, 1744లో, నాలుగు సువార్తలు గ్రీన్‌లాండు భాషలో అచ్చయి ఉన్నాయి. మన భాష, వారి భాష దాదాపు ఒకే కాలములో, ఒకే ఇంటివారి చేతుల మీదుగా అచ్చు మెట్టు ఎక్కినవి. అందుచేతనే ఈ నెల ఆ దూరదేశపు కథను మన కుటుంబముల ముందు పెడుతున్నాము.

ముందు ఆ దీవి ఎంతదో చూద్దాము. భూమి మీద ఖండములను విడిచిపెడితే దానికంటే పెద్ద దీవి లేదు. వైశాల్యము 21 లక్షల 66 వేల చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపితే వచ్చే నేలకు దాదాపు ఎనిమిది రెట్లు. అయితే అందులో ప్రతి ఐదు పాళ్ళలో నాలుగు పాళ్ళు ఎన్నడూ కరగని మంచు క్రింద ఉన్నది. నడిమధ్యలో ఆ మంచు 3 కిలోమీటర్ల మందము దాటుతుంది. మనుష్యులు బ్రతికేదంతా అంచున, రాళ్ళ మధ్యకు పాముల్లా చొచ్చుకువచ్చిన సముద్రపు పాయల ఒడ్డున మాత్రమే. మొత్తము జనాభా 57 వేలకు లోపు. మన వైపు ఒక మోస్తరు పట్టణములో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. పడవ, విమానము, ఉత్తరాన కుక్కలు లాగే బండి, ఇవే ప్రయాణ సాధనాలు.

ఇంత మంచు దీవికి 'పచ్చని నేల' అనే పేరు ఎందుకు వచ్చిందని పిల్లలు అడుగుతారు. ఆ పేరు పెట్టినవాడు ఎర్ర ఎరిక్ అనే ఐస్‌లాండు మనిషి. హత్యల నేరము మీద 982లో అతనికి మూడేండ్ల దేశబహిష్కారము పడింది. ఆ మూడేండ్లూ పడమటి సముద్రము దాటి ఈ దీవి అంచులన్నీ వెదకి, తిరిగి వచ్చి, మంచి పేరు పెడితే జనము వెంట వస్తారని గ్రీన్‌లాండు అన్నాడట. పేరు పని చేసింది. 985, 986 ప్రాంతములో 25 ఓడలు బయలుదేరితే 14 మాత్రమే క్షేమముగా చేరాయని ఐస్‌లాండువారి పాత పుస్తకాలు చెబుతున్నవి. అయినా ఎరిక్‌ది పూర్తిగా అబద్ధమని అనలేము. దక్షిణపు కొసన సముద్రపు పాయల లోపలి భాగములో వేసవిలో నిజముగానే పచ్చిక ఏపుగా పెరుగుతుంది. వచ్చినవారు పశువులు, గొర్రెలు, మేకలు తెచ్చుకున్నారు. పంట పండే నేల కాదు గనుక వారి బ్రతుకంతా గడ్డి మీద. వేసవిలో కోసి ఎండబెట్టిన గడ్డి చలికాలమంతా పశువులకు చాలితే ఆ ఏడు గట్టెక్కినట్టు. వరిగడ్డి వాములు వేసుకునే మన రైతులకు ఆ దిగులు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఎరిక్ ఇంటిలోనే క్రీస్తు నామము చిచ్చు రేపింది. కుమారుడు లేవ్ సుమారు 1000వ సంవత్సరములో నార్వే నుండి సువార్తను తెచ్చాడనీ, తల్లి త్యోద్‌హిల్డ్ నమ్మిందనీ, ఎరిక్ మాత్రం పాత దేవతలను విడువలేదనీ కథలు చెబుతాయి. ఆమె ఇంటికి కాస్త దూరముగా చిన్న గుడి కట్టించుకుని, భర్త మారేవరకు అతనితో కాపురము చేయనన్నదట. ఇది కట్టుకథేమోనని చాలాకాలము అనుకున్నారు. 1961లో ఆ ఊరిలో పునాదులు త్రవ్వుతూ ఉండగా ఎముకలు బయటపడ్డాయి. వెదకి చూస్తే, పచ్చిక గడ్డలతో గోడలు పెట్టిన అతి చిన్న దేవాలయపు ఆనవాలు, దాని చుట్టూ సమాధులు కనబడ్డాయి.

ఆ వలస 400 ఏండ్లకు పైగా నిలిచింది. రెండు మూడు వేలమంది జనము, కొన్ని వందల పొలములు, పదికి మించి రాతి దేవాలయాలు. 1126లో వారికి సొంత బిషప్పు వచ్చాడు. గర్దార్ అనే చోట ఆయన పీఠము. డబ్బు చలామణి లేని దేశము గనుక దశమభాగమును వాల్‌రస్ అనే సముద్రజంతువు దంతములుగా, తోళ్ళుగా చెల్లించేవారు. ఆ దంతములు ఐరోపాలో ఏనుగు దంతము బదులుగా అమ్ముడుపోయేవి. ఆ బేరము మీదనే ఇనుము, కలప, గుడి గంటలు వచ్చేవి.

ఆ ప్రజలను గూర్చి వ్రాతలో మిగిలిన చివరి మాట ఒక పెండ్లి. 1408 సెప్టెంబరులో వాల్సే దేవాలయములో, గాలికి కొట్టుకువచ్చిన ఓడలోని ఐస్‌లాండు యువకుడు తోర్‌స్టేన్‌కు, సిగ్రిడ్ అనే యువతికి వివాహము జరిగింది. మనము ఇప్పటికీ చేసినట్టే మూడు ఆదివారములు ముందుగా ప్రకటన చదివారని ఆ ధ్రువపత్రములో ఉన్నది. దంపతులు 1410లో ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. ఆ తరువాత గ్రీన్‌లాండు నుండి కబురు లేదు. బిషప్పు లేడు, ఓడ లేదు, ఉత్తరము లేదు. 15వ శతాబ్దము గడిచేలోపల ఆ ఇండ్లన్నీ పాడుపడ్డాయి.

ఎందుకు? పండితులు ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. చలి ముదిరింది. సముద్రములో మంచు పెరిగి ఓడ దారి మూసుకుపోయింది. నార్వేలో తెగులు వచ్చి సగము జనము పోయారు. అసలైన ఏనుగు దంతము చవకగా దొరికి వాల్‌రస్ దంతము బేరము పడిపోయింది. ఐరోపావారు సీలు మాంసము ముట్టక ఆకలితో చచ్చారని పాత పుస్తకాలలో చదువుతాము. అది నిజము కాదు. వారి ఎముకలను పరీక్షిస్తే కాలము గడిచే కొలదీ సీలు మాంసమే వారికి ప్రధాన ఆహారమైనదని తేలింది. అయినా 1921లో హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట త్రవ్విన సమాధులలో దొరికిన బట్టలు చూస్తే ఒక సంగతి తోస్తుంది. గడ్డ కట్టిన నేలలో చెక్కుచెదరకుండా ఉన్న ఆ ఉన్ని అంగీలు ఐరోపా పట్టణముల కుట్టులోనే ఉన్నవి. ప్రక్కనే మంచులో హాయిగా తిరిగే తోలు దుస్తుల జనము ఉన్నారు. వారి పడవగాని, వారి ఈటెగాని, వారి అంగీగాని వీరు నేర్చుకున్న జాడ కనబడదు.

ఆ ప్రక్కవారెవరు? ఆర్కిటిక్ దేశములలో వేటాడి బ్రతికే ఇన్యూయిట్ జనము. మన పాఠ్యపుస్తకాలలో ఎస్కిమోలని చదువుకున్నాము. ఆ మాట వారికి ఇష్టము లేదు. గ్రీన్‌లాండువారు తమను తాము కలాల్లిత్ అని, తమ దేశమును కలాల్లిత్ నునాత్ అని పిలుచుకుంటారు. క్రీస్తుకు పూర్వము 2500 నాటికే వేరే వేట జాతులు ఈ దీవికి వచ్చి పోయాయి. ఇప్పటివారి పితరులు సుమారు 1200లో అలాస్కా వైపు నుండి కెనడా ఉత్తరపు అంచుమీదుగా వచ్చారు. ఒక్కడు కూర్చునే తోలు పడవ కయాక్, కుక్కల బండి, తాడు కట్టిన ఈటె వారి సంపద. ఎరిక్ మనుష్యులు కనుమరుగయ్యాక దీవి అంతా వారిదే.

ఇప్పుడు ఓడ సంగతికి వద్దాము. హన్స్ ఎగెదె 1686లో ఉత్తర నార్వేలో పుట్టారు. లోఫోటెన్ దీవులలో చేపలు పట్టేవారి సంఘమునకు పాదిరి. గ్రీన్‌లాండులో ఒకప్పుడు క్రైస్తవులు ఉండేవారని పాత పుస్తకాలలో చదివి, వారేమయ్యారో అన్న చింత ఆయనను పట్టుకున్నది. మతసంస్కరణ కాలమునకు చాలా ముందే కబురు తెగిపోయింది గదా, వారు సువార్తను మరచిపోయి ఉంటారా, పాత ఆచారములలోనే ఉండిపోయారా, వారి కొరకు పోయేవారెవరు? 1710లోనే అధికారులకు అర్జీ వ్రాశారు. ఎవరూ పట్టించుకోలేదు. ఇంటిలో భార్య గెర్‌ట్రూడ్ మొదట ఒప్పుకోలేదు. ఆమె ఆయనకంటే 13 ఏండ్లు పెద్దది. చిన్న బిడ్డల తల్లి. ఉన్న ఊరిలో జీతము, గౌరవము ఉండగా లేని ఊరికి పోదామంటే ఏ ఇల్లాలు సరేనంటుంది? కాని ఆమె మనస్సు మారినది. మారిన తరువాత ఆయనకంటే ఆమెదే గట్టి మనస్సు.

1721 మే నెలలో బెర్గెన్ రేవు నుండి 'ఆశ' అనే పేరుగల ఓడలో నలభైమందికి పైగా బయలుదేరారు. భార్య, నలుగురు పిల్లలు వెంట ఉన్నారు. జూలై 3న గ్రీన్‌లాండు పడమటి ఒడ్డున దిగారు. ఎదురువచ్చినవారు తోలు దుస్తుల కలాల్లిత్ జనము. ఆ పాత క్రైస్తవుల భాష మాటలాడేవాడు ఒక్కడు లేడు. వెదకవచ్చినవారు లేరు. లేరని తేలిన రోజున తిరిగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఎగెదె ఉండిపోయారు. ఈ కథలో మాకు అన్నిటికంటె పెద్దదిగా తోచేది ఆ ఉండిపోవడమే.

భాష చాలా కష్టము. ఒక్క క్రియకు తోకలు తోకలుగా మాటలు అతుక్కుని ఒక వాక్యమంత పొడుగవుతుంది. నడివయస్సుకు వచ్చిన తండ్రి కాగితము మీద మాటలు వ్రాసుకుంటూ తంటాలు పడుతూ ఉండగా, కుమారులు పౌల్, నీల్స్ ఆ ఊరి పిల్లలతో మంచులో ఆడుకుంటూ నేర్చేసుకున్నారు. పౌల్‌కు అప్పటికి 12, 13 ఏండ్లు. తండ్రి బోధించదలచినది కుమారుడు బొమ్మలు గీసి చూపించేవాడు. రొట్టె ఎరుగని, గొర్రె ఎరుగని, ద్రాక్షతోట ఎరుగని జనమునకు ప్రభువు ఉపమానములు ఎలా చెప్పాలి? అనుదినాహారము అంటే అక్కడ సీలు మాంసము. ఈ చిక్కు మన తెలుగు తర్జుమాదారులకు ఇంతగా రాలేదు. మనకు గొర్రెల కాపరీ ఉన్నాడు, విత్తువాడూ ఉన్నాడు.

రెండవ ఏడు, 1722లో, రావలసిన ఓడ రాలేదు. తిండి అడుగంటింది. వెంట వచ్చినవారు మూటలు కట్టుకోసాగారు. ఎగెదె కూడా మెత్తబడ్డారు. గెర్‌ట్రూడ్ అమ్మ మాత్రం తన సామాను సర్దనన్నది. ఓడ వస్తుంది, ఊరకే బెంగపడకండి అని అందరినీ మందలించినదట. జూన్ నెలలో ఓడ వచ్చింది.

ఎగెదె పాత క్రైస్తవులను వెదకడము మానలేదు. 1723లో దక్షిణముగా పడవ ప్రయాణము చేసి, సిగ్రిడ్ పెండ్లి జరిగిన ఆ వాల్సే దేవాలయమును కండ్లారా చూశారు. కప్పు లేదు, గోడలు నిలిచి ఉన్నవి. ఆ జనుల ముఖ్య వలసకు పాత పుస్తకాలలో 'తూర్పు వలస' అని పేరు. తూర్పు అన్నారు గనుక దీవికి ఆవలి తూర్పు ఒడ్డున ఉంటుందని ఎగెదె, ఆ కాలపువారందరూ నమ్మారు. నిజానికి ఆయన ఆ రోజున నిలబడినది తూర్పు వలస నడుమనే. అది తెలియకనే ఆయన వెనుకకు తిరిగారు. మరి నూరేండ్ల తరువాత, 1828 నుండి 1830 వరకు, గ్రా అనే నావికాధికారి తూర్పు ఒడ్డున గాలించి ఏమీ కనుగొనలేకపోయాడు.

1728లో రాజుగారు వలసను పెద్దది చేయదలచి గవర్నరును, సైనికులను, ఖైదీలను పంపాడు. ఖైదీలకు ఓడ ఎక్కకముందు చీట్లు వేసి స్త్రీలను పెండ్లి చేశారు. దీవిని గుర్రాల మీద అడ్డముగా దాటి తూర్పు వలస కనుక్కోవాలని గుర్రాలను కూడా పంపారు! ఈ ఆలోచన చేసినవారు ఆ మంచు ముఖము చూసినవారు కారని వేరే చెప్పాలా? గుర్రాలు చచ్చాయి. మనుష్యులు చిగుళ్ళు కుళ్ళే స్కర్వీ జబ్బుతో మొదటి చలికాలములోనే రాలిపోయారు. ఈ గందరగోళములో పుట్టిన ఊరే నేటి రాజధాని నూక్. 1731లో క్రొత్త రాజు 6వ క్రిస్టియన్ అందరినీ తిరిగి రమ్మన్నాడు. ఎగెదె, భార్య, పదిమంది నావికులు నిలిచిపోయారు.

1733లో రాజు మనస్సు మార్చుకుని మరల ఓడ పంపాడు. ఆ ఓడలోనే జర్మనీలోని హెర్న్‌హూట్ నుండి ముగ్గురు మొరేవియన్ సహోదరులు వచ్చారు. అందులోనే డెన్మార్కు చూచి తిరిగివస్తున్న ఒక గ్రీన్‌లాండు కుర్రవాడు ఉన్నాడు. వాని ఒంటిలో మశూచి ఉన్నది. ఆ జాతి ఎన్నడూ ఎరుగని రోగము. సంవత్సరము తిరిగేలోపల గుడారములకు గుడారములే ఖాళీ అయ్యాయి. చచ్చినవారు వేలలో అని అంచనా. గెర్‌ట్రూడ్ తమ ఇంటిలోని గదులన్నీ రోగులకు విడిచిపెట్టి, పుండ్లు కడిగి, అనాథ బిడ్డలను చేరదీసింది. ఆ శ్రమలో ఆమె ఆరోగ్యము పాడై 1735 డిసెంబరు 21న కన్నుమూసింది. రోగమును తెచ్చినదీ మిషను ఓడే, రోగికి నీళ్ళు ఇచ్చినదీ మిషను ఇల్లే. ఈ రెండింటిలో ఏ ఒక్కటి దాచి చెప్పినా కథ అబద్ధమవుతుంది.

1736లో ఎగెదె వెళ్ళిపోయే ముందు ప్రసంగమునకు ఎన్నుకున్న వాక్యము యెషయా 49వ అధ్యాయము 4వ వచనము. బైబిలు తీసి చదివితే ఆయన గుండె ఎంత బరువుగా ఉన్నదో తెలుస్తుంది. 15 ఏండ్ల పని వ్యర్థమైనదని ఆయన భావించారు. భార్య శవపేటికను వెంట తీసుకుని కోపెన్‌హాగన్ చేరారు. అక్కడ గ్రీన్‌లాండుకు పోయేవారికి భాష నేర్పే బడి నడిపి, 1758లో మరణించారు.

మొరేవియన్ సహోదరులకు, ఎగెదెకు పడలేదు. ముందు సిద్ధాంతము నేర్పాలని ఈయన, ముందు సిలువను చూపాలని వారు. వారికీ అయిదేండ్లు ఒక్కడు కూడా చెవి ఒగ్గలేదు. 1738లో బెక్ అనే సహోదరుడు గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదనను గూర్చి చదువుతూ ఉండగా కయార్నాక్ అనే వేటగాడు ముందుకు వచ్చి, ఆ మాట మరల చెప్పమన్నాడు. 1739 ఈస్టరుకు అతడు కుటుంబముతో బాప్తిస్మము పొందాడు.

పౌల్ మాత్రం తండ్రి పని విడువలేదు. అర్నార్సాక్ అనే గ్రీన్‌లాండు స్త్రీ ప్రక్కన కూర్చుని మాట మాటా సరిచూస్తే, ఆయన సువార్తలను, నిఘంటువును, చివరకు 1766లో క్రొత్త నిబంధనను పూర్తిగా ఆ భాషలో వెలువరించారు. తర్జుమా అనగానే పుస్తకము మీద ఒక్కరి పేరే వేస్తాము. మన దేశములోనూ మున్షీలు, పండితులు ఎంతమంది పేరులేకుండా పోయారో! తరువాతి శతాబ్దములో, గ్రీన్‌లాండులోనే పుట్టిన మొరేవియన్ బిడ్డ సామువేల్ క్లైన్‌ష్మిత్ 1851లో వ్యాకరణము వ్రాసి ఆ భాషకు స్థిరమైన అక్షరక్రమము ఇచ్చాడు. 1861 నుండి ఆ భాషలో వార్తాపత్రిక నడిచింది. 2009 జూన్ 21న స్వపరిపాలన వచ్చినప్పుడు అధికార భాషగా నిలిచినది అదే. చిన్న జాతుల భాషలు కొట్టుకుపోతున్న ఈ కాలములో 57 వేలమంది లేని దేశము తన భాషలో అసెంబ్లీ నడుపుకుంటున్నది.

అన్వేషకుల సంగతి పెద్దది గనుక రెండు మాటలే చెబుతాము. 1888లో నాన్సెన్ అనే నార్వే యువకుడు అయిదుగురితో మంచు దీవిని మొట్టమొదట తూర్పు నుండి పడమరకు దాటాడు. నూక్ చేరేసరికి ఆఖరి ఓడ వెళ్ళిపోయింది. ఆ చలికాలమంతా ఊరివారితో ఉండి కయాక్ నడపడము నేర్చుకున్నాడు. అమెరికా నావికుడు పియరీ మార్గము వేరు. 1897లో ఆయన ఆరుగురు ఉత్తరాదివారిని న్యూయార్కుకు తీసుకుపోయాడు. కొద్ది నెలలలో నలుగురు చనిపోయారు. వారిలో మినిక్ అనే బాలుని తండ్రి ఉన్నాడు. ఆ తండ్రి ఎముకలను మ్యూజియములో ఉంచుకుని, పిల్లవాని ఎదుట ఉత్తుత్తి సమాధి చేశారు. నలుగురి ఎముకలు 1993లో గాని స్వదేశపు మట్టికి చేరలేదు.

అదే పియరీ గీసిన పటములో ఒక తప్పు ఉన్నది. దాని మూలముగా దారి పొడుగై 1907 నవంబరులో ముగ్గురు మరణించారు. వారిలో ఆఖరివాడు యోర్గెన్ బ్రోన్‌లుండ్, ఉపదేశిగా శిక్షణ పొందిన గ్రీన్‌లాండు యువకుడు. డేనిష్ స్నేహితులిద్దరూ పోయిన తరువాత వారు గీసిన పటములను మోసుకుంటూ, గడ్డకట్టిన పాదములతో, ఆహారము దాచిపెట్టిన చోటి వరకు నడిచి వచ్చాడు. తాము ఎక్కడెక్కడ పడిపోయినదీ దినచర్య పుస్తకములో వ్రాసి, అక్కడే ఒరిగాడు. 1908 మార్చిలో వెదకవచ్చినవారికి ఆ పటములు అతని దగ్గర దొరికాయి.

నూక్ పట్టణములో గుట్ట మీద ఎగెదె విగ్రహము ఉన్నది. 2020 జూన్‌లో ఎవరో దాని మీద ఎర్ర రంగు పోశారు. ఉంచాలా, తీయాలా అని ఊరివారిని అడిగితే ఉంచమన్నవారే ఎక్కువయ్యారు. అయినా తీసేయమన్నవారి మాట కూడా వినదగినదే. ఎగెదె మంత్రగాండ్రను కొట్టిన సందర్భాలు ఉన్నవి. వారి డప్పు పాటలను పాపమని మాన్పించారు. ఆయన వెనుక వచ్చిన వర్తకము, ప్రభుత్వము 1953 వరకు ఆ దేశమును వలసగా ఉంచాయి. 1951లో 22 మంది పిల్లలను డేనిష్ నేర్పుటకని తల్లిదండ్రుల నుండి తీసుకుపోయారు. తిరిగివచ్చేసరికి చాలామంది తల్లి మాటే మరచిపోయారు. దానికి డెన్మార్కు ప్రధాని క్షమాపణ చెప్పినది 2020లో. 2019లోను, మరల 2025లోను అమెరికా అధ్యక్షుడు ఆ దీవి తమకు కావాలని అన్నప్పుడు, మేము అమ్మకానికి లేమని అక్కడివారు బదులిచ్చారు. వారి సంఘమును గూర్చి చెప్పాలంటే, గర్దార్ చివరి బిషప్పు 1370లలో మరణించిన తరువాత ఆ దీవికి సొంత బిషప్పు మరల వచ్చినది 1993లోనే. 1995లో ఆ పదవి సోఫీ పీటర్సన్ అనే కలాల్లిత్ స్త్రీకి లభించింది.

ఇక మన రైతు కుటుంబములకు నచ్చే మాట ఒకటి మిగిలింది. గ్రీన్‌లాండు భాషలో గొర్రెను 'సావా' అంటారు. అది ఎరిక్ మనుష్యుల భాష నుండి వచ్చిన మాట అని భాషా పండితులు భావిస్తున్నారు. ఆ జనము పోయినా వారి గొర్రె పేరు పొరుగువారి నోట నిలిచిందన్నమాట. 1783లో ఓల్సెన్ అనే నార్వే వర్తకుడు, అతని గ్రీన్‌లాండు భార్య టుపెర్నా, బిషప్పు పీఠము ఉన్న గర్దార్‌లోనే కొద్దిపాటి పశువులతో కాపురము పెట్టారు. ఆ ఊరి ఇండ్లు పడిపోయిన పెద్ద దేవాలయపు రాళ్ళతో కట్టినవే. 1906లో యెన్స్ కెమ్నిట్స్ అనే గ్రీన్‌లాండు పాదిరి దక్షిణపు కొసన గొర్రెల పెంపకము మరల మొదలుపెట్టాడు. 1924లో ఓటో ఫ్రెడరిక్సెన్ అనే అతడు గొర్రెలను తోలుకుని, త్యోద్‌హిల్డ్ గుడి కట్టించుకున్న ఆ పాత ఊరికే వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పాయల వెంబడి కొన్ని పదుల కుటుంబములు 'సావాతిలిక్' అని, అంటే గొర్రెలు గలవారని, పిలిపించుకుంటున్నాయి. వేసవి పొడుగునా గడ్డి కోసి చుట్టలు చుట్టి, శీతకాలమునకు దాచుతారు. గొర్రెలను కొండల మీదికి వదిలిపెట్టి, సెప్టెంబరులో ఇంటిల్లిపాదీ గుర్రాల మీదా కాలినడకనా పోయి, మొదటి మంచు పడకముందే వాటిని ఇంటికి తోలుకువస్తారు.